తిమ్మిరి మందుతో తీర్చిన మొక్కు

మరిపోసాస్ కొండ మీద పెరిగిన వాళ్లలో సగం మందికి కుడి పిరుదు మీద సునిల్దా సూది గుర్తు ఉంటుంది, మిగతా సగం మందికి ఎడమ పిరుదు మీద. నమ్మకపోతే అడిగి చూడండి. చూపించమని మాత్రం అడక్కండి.

యాభై ఏళ్లకు పైగా ఆవిడ చేసిన పని అదే. పందొమ్మిదో ఏట వల్పరాయిసో రేవు దగ్గర ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరింది. మొదట సూదులు మరగబెట్టడం, తర్వాత మందు ఎక్కించి డాక్టరు చేతికి అందించడం, ఆ తర్వాత డాక్టరు సిగరెట్టు కాల్చుకోవడానికి బయటికి పోయినప్పుడు తనే పొడిచెయ్యడం. అలా నేర్చుకుంది. చదివింది నాలుగో తరగతి. అయినా పెద్ద చదువులు చదివొచ్చిన నర్సమ్మలు నరం దొరక్క రోగి చేతిని జల్లెడ చేస్తుంటే, "జరగమ్మా, కాస్త గాలి ఆడనీ" అని వాళ్లని పక్కకి తోసి ఒక్క పోటుతో పని ముగించేది. ఆసుపత్రిలో మానేశాక రేకు డబ్బా చంకన పెట్టుకుని మెట్లెక్కుతూ దిగుతూ ఇంటింటికీ తిరిగింది.

చెయ్యి మెత్తనిదని ఆవిడకి పేరు. "సునిల్దా సూది వేసిందా, దోమ వాలిందా తెలీదు" అనేవాళ్లు. మీ పిల్లి ఈనిందా అని అడిగేది. నువ్వు పిల్లి గురించి ఆలోచించేలోగా దూది పెట్టి రుద్దుతూ ఉండేది. అసలు సంగతేమిటంటే, ఏ మందైనా సరే, అందులోకి ముందుగా ఒక గీత మేర తిమ్మిరి మందు లాగేది. పళ్లు పీకే డాక్టర్లు చిగుళ్లకి వేస్తారే, ఆ మత్తుమందే. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? పులుసు బాగుందన్నవాళ్లకి అందులో ఏమేం వేశామో వరస పెట్టి చెబుతామా?

ఇంట్లో ఆవిడ ఒక్కతే. మొగుడు వెన్సెస్లావో ఓడ మీద వంటవాడు. ఒకసారి అంతొఫగస్తా రేవులో దిగాడు, మళ్లీ ఎక్కలేదు. అక్కడ ఎవరో చేపల కొట్టావిడ వంట ఇతనికి నచ్చిందట. పిల్లలు కలగలేదు. తలుపు తట్టేవాళ్లే ఆవిడ చుట్టాలు. జ్వరమొచ్చిన పిల్లనెత్తుకుని తల్లి వస్తుంది, నడుం పట్టేసిన తాత వస్తాడు, సూది అయ్యాక టీ తాగి కబుర్లు చెప్పి వెళతారు. తర్వాత తర్వాత కింద బజారులో ప్రభుత్వం వాళ్ల దవాఖానా పెట్టారు, సూదులు అక్కడే వేస్తున్నారు. తలుపు తట్టేవాళ్లు తగ్గారు. వారానికి ఇద్దరు, తర్వాత నెలకి ఇద్దరు. చప్పుడైతే గాలేమో అనుకుని కూడా వెళ్లి తీసేది.

రోజూ వచ్చేది ఎదువినా ఒక్కతే.

ఎదువినా స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆవిడ కొడుకు నెల్సన్‌ని జ్ఞానస్నానం తొట్టి దగ్గర ఎత్తుకున్నది సునిల్దాయే. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరినొకరు కోమాద్రె అని పిలుచుకుంటారు, ఆ బిడ్డకి ఇద్దరూ తల్లులేనన్నట్టు. కోమాద్రెలు తిట్టుకోరని కాదు. పొద్దున తిట్టుకుంటే సాయంత్రం టీ టైముకి కలవాలి, అంతే. నెల్సన్‌కి ఆరో ఏట మెదడు జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు కళ్లు తెరవలేదు. ఎదువినా, లో వాస్కెస్ అనే చోట గుడి ఉన్న మరియమాతకి మొక్కుకుంది. బిడ్డ లేస్తే, తను బతికున్నన్నాళ్లూ ఏటా డిసెంబరు ఎనిమిదిన రోడ్డు మలుపు నుంచి గుడి బలిపీఠం దాకా మోకాళ్ల మీద వస్తానని. బిడ్డ లేచాడు. ఇప్పుడు వాడికి బట్టతల వచ్చింది, పొట్ట పెరిగింది, ఉత్తరాన ఎడారి రోడ్ల మీద లారీ తోలుతున్నాడు. మొక్కు మాత్రం అలాగే ఉంది. ఒక్క ఏడాది తప్పితే ఆ ఎడారిలో లారీ బోల్తా పడుతుందని ఎదువినా భయం. ఆవిడ భయాన్ని చూసి నవ్వే ధైర్యం ఎవరికీ లేదు, మాకందరికీ ఏదో ఒక మొక్కుంది.

ఇక మోకాళ్ల సంగతి. మెట్ల మీద బతికేవాళ్లకి మోకాళ్లు అరక్క ఏం చేస్తాయి? సునిల్దా ఇంటింటికీ తిరగడం తగ్గించాక, కింద ఫ్రోయిలాన్ అనే ఎముకల డాక్టరు దగ్గర చేరింది. ఆయన ప్రతి గురువారం మోకాళ్లకి జెల్ సూదులు వేసేవాడు. గుజ్జు అరిగిన కీలులోకి నూనె పోసినట్టు. ఆ జెల్ తేనెకన్నా చిక్కన. సిరంజిలోంచి కదలనే కదలదు. వెచ్చబడాలని సునిల్దా సిరంజిని రవికలో దాచుకుని వచ్చేది.

"దోన్యా సునిల్దా, ఇంకో సిరంజి ఏదీ?" అనేవాడు డాక్టరు, అమ్మగారూ అన్నంత మర్యాదగా.

"వేడెక్కుతోంది, ఆగండి."

"ఎక్కడ?"

"మీరు చూడకూడని చోట."

ముందు మత్తు సూది ఒకటి, తర్వాత జెల్ సూది ఒకటి. రెండు పోట్లు. ముసలివాళ్లు రెండో సూది చూడగానే మంచం పట్టుకుని కేకలు. ఒక గురువారం సునిల్దాయే అంది, "రెండూ ఒక్క సిరంజిలో కలిపెయ్యకూడదూ? ఒక్క పోటుతో పోతుంది."

డాక్టరు కళ్లద్దాలు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించి, "కలుపు, ఏమవుతుంది?" అన్నాడు.

ఆ రెండూ తొందరగా కలవవు. జెల్ బద్ధకంగా ఒక పక్క, మత్తుమందు నీళ్లలా ఒక పక్క. సునిల్దా సిరంజిని తలకిందులు చేసి, మళ్లీ నిలబెట్టి, మళ్లీ తలకిందులు చేసి, ఓపిగ్గా కలిపేది. పేషెంట్లు కేకలు మానేశారు. సూది వేయించుకుని అదే పూట మెట్లెక్కి ఇంటికి పోయేవాళ్లు. ఫ్రోయిలాన్ గారి చెయ్యి మెత్తనిదని ఊళ్లో పేరొచ్చింది. సునిల్దా ఏమీ అనలేదు. ఆ పేరు ఎవరిదో ఆవిడకి తెలుసు, అది చాలు.

ఫ్రోయిలాన్ పోయాక ఆయన ఆసుపత్రీ మూసేశారు. కొండ లిఫ్టు కూడా పాడై ఆగిపోయింది. ఎదువినా మోకాళ్లు అప్పటికే చెడ్డాయి. మొక్కు రోజు దగ్గర పడుతుంటే గోడ పట్టుకుని ఏడుస్తోంది.

"మలుపు దాకా బస్సులో పోతాను. అక్కణ్ణుంచి? మోకాలు ఆనిస్తే ప్రాణం పోతోంది కోమాద్రె."

"జెల్ వేస్తాను, ఏడవకు. డాక్టరు వేస్తుంటే ఇరవై ఏళ్లు చూశాను."

"నువ్వా? మోకాల్లో?"

"పిరుదులో వేస్తే మోకాలికి ఎక్కుతుందా మరి?"

అలా మొదలైంది. ఎనిమిదో తారీకు పొద్దున బస్సు దిగి, రోడ్డు పక్కన నిమ్మచెట్ల తోటలో, దుప్పటి అడ్డం పెట్టుకుని, సునిల్దా తన కోమాద్రె రెండు మోకాళ్లకీ జెల్ వేసింది. జెల్‌లో ఎప్పటిలా మత్తుమందు కలిపింది. ఎప్పటికన్నా కాస్త ఎక్కువే కలిపింది. ఎదువినా నొప్పికి ఓర్వలేని మనిషి, ఉల్లిపాయ కోస్తే కూడా ఊళ్లో వాళ్లందర్నీ పిలుస్తుంది. కలిపినట్టు చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉందని ఆవిడకి తోచలేదు.

ఎదువినా మోకాళ్ల మీద కూర్చుంది. కదిలింది. ఆగింది. వెనక్కి తిరిగి చూసిన ఆ మొహాన్ని సునిల్దా మరిచిపోలేదు. కళ్లు ఇంతింతయ్యాయి.

"కోమాద్రె! నొప్పి లేదు!"

"మంచిదే, పద."

"ఒట్టు! కొంచెం కూడా లేదు! తారు రోడ్డు దూదిలా ఉంది!" ఎదువినా అక్కడే సిలువ గుర్తు వేసుకుని బోరుమంది. "ఆ తల్లి నా మోకాళ్ల కింద చెయ్యి పెట్టింది!"

చుట్టూ ఉన్న జనం ఆగారు. ఒకావిడ ఎదువినా గౌను అంచు ముట్టుకుని కళ్లకద్దుకుంది. ఇద్దరు ముగ్గురు వెంట నడుస్తూ పాట అందుకున్నారు. అప్పుడు నోరు తెరిచి, అది తల్లి చెయ్యి కాదే, పళ్లడాక్టరు మందు అని ఎలా చెబుతుంది? ఎవరు చెబుతారు? సునిల్దా గొడుగు పట్టుకుని పక్కన నడిచింది. సాయంత్రానికి తిమ్మిరి వదిలింది, నొప్పి వచ్చింది. "మొక్కు తీరింది కదా, తల్లి చెయ్యి తీసేసుకుంది" అంది ఎదువినా. దానికీ అర్థం ఆవిడే చెప్పుకుంది. సునిల్దాకి అబద్ధం ఆడాల్సిన అవసరమే రాలేదు.

పదకొండేళ్లు అలాగే గడిచాయి. ఏటా నవంబరులో మెట్ల మలుపు దగ్గర మరియమాత గుహ ముందు నెల రోజులూ సాయంత్రం జపమాల చెబుతారు కదా, అక్కడ ఎదువినా తన మోకాళ్ల మహిమ చెప్పేది. మొదటి ఏడు రెండు మాటల్లో చెప్పింది, పోనుపోను పావుగంట పట్టేది. కథలో తారు రోడ్డు కాస్తా గులకరాళ్లయింది, గులకరాళ్లు గాజుపెంకులయ్యాయి. పక్క కొండల నుంచి కూడా ముసలమ్మలు వచ్చి వినేవాళ్లు. సునిల్దా వెనక బెంచీ మీద కూర్చుని జపమాల పూసలు తిప్పుతూ, అవీ ఇవీ కలిసిపోయి ఎన్నోదో మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టేది.

మధ్యమధ్య ఎదువినాకి ఇంటి దగ్గర కూడా వేసేది. మోకాళ్లు మాత్రం ఏడాదికేడాది పాడయ్యాయి. జెల్ వేస్తే నెలలు ఆగేవి వారాలు ఆగడం మొదలైంది. మొన్న శీతాకాలంలో ఎదువినా ఎక్స్‌రే తీయించుకుంది. ఎముక మీద ఎముక. గుజ్జన్నది లేదు.

"వయసు, మెట్లు" అంది సునిల్దా.

"మొక్కు కూడా" అంది ఎదువినా, గర్వంగా.

అదే ఏడు అక్టోబరులో సునిల్దా సొంత మోకాలు మొండికేసింది. డెబ్బై మూడేళ్లకి. తన మోకాలికి తను వేసుకోవడం కుదరదు కదా. మనసు చంపుకుని కింద దవాఖానాకి వెళ్లింది. అక్కడ డాక్టరు యాస్నా అని కొత్తగా వచ్చిన పిల్ల. జుట్టు పైకి కట్టుకుని, చూడ్డానికి వాలీబాల్ ఆడే పిల్లలా ఉంది. ఆవిడ జెల్ సిరంజి తీస్తుంటే సునిల్దా సంచీలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది కూడా కలుపు తల్లీ. ఒక గీత చాలు."

యాస్నా సీసా ఎత్తి చదివింది. "మత్తుమందా? ఎందుకు?"

"నొప్పి తెలీకుండా. నువ్వు కొత్తదానివి, నీకు తెలీదు. నేను ఇరవై ఏళ్లు కలిపాను."

"మోకాళ్లలోకా?"

"మరి, చెవుల్లోకా?"

యాస్నా నవ్వలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. "దోన్యా సునిల్దా, నేను చదువుకునేటప్పుడు రెండేళ్లు ఈ పనే చేశాను. కబేళా నుంచి ఆవు కాళ్లు తెప్పించేవాళ్లం. కీళ్ల మీది గుజ్జు చెక్కి, అందులోని కణాలని గాజు పళ్లేల్లో పెంచేవాళ్లం. వాటి మీద ఈ మత్తుమందు పోసి, రంగు వేసి చూస్తే, బతికినవి పచ్చగా కనిపిస్తాయి, చచ్చినవి ఎర్రగా."

"అయితే?"

"మత్తుమందు ఒక్కటే పోసిన పళ్లెం దాదాపు అంతా ఎరుపే. జెల్ ఒక్కటే పోసింది పచ్చగా ఉంది."

"రెండూ కలిపితే?"

"ఎరుపు కాస్త తగ్గింది. జెల్ అడ్డుపడిందేమో. కానీ పోలేదు. మందు బలమెక్కువైనా, ఎక్కువసేపు ఉన్నా, జెల్ ఉన్నా కూడా చచ్చాయి. గుజ్జు కణం చస్తే మళ్లీ పుట్టడం కష్టం. అందుకే నేను కలపను."

సునిల్దా ఆ సీసా వైపు చూస్తూ కూర్చుంది. దాని మీది కాగితం ఆవిడ వేళ్లు తగిలి తగిలి చెరిగిపోయింది.

"అవి ఆవు కణాలు" అంది చివరికి.

"మనుషులవీ చూశారు, ఆపరేషన్లలో తీసేసినవి. అలాగే ఉంది."

"మరి బతికున్న మనిషి మోకాల్లో?"

"మోకాలు గాజు పళ్లెం కాదు. అందులో నీరు ఊరుతుంది, మందు పలచబడుతుంది, కొట్టుకుపోతుంది. ఒకసారి వేస్తే ఏమీ కాకపోవచ్చు. ఏళ్ల తరబడి వేస్తే ఎంత పోతుందో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. మోకాలు విప్పి లెక్కపెట్టలేం కదా."

"తెలీనప్పుడు నన్నెందుకు భయపెడతావు?"

"భయపెట్టడం లేదు దోన్యా. తెలీదు కాబట్టి కలపనంటున్నాను. పిరుదు సూదుల్లో కావాలంటే వేసుకోండి, అక్కడ గుజ్జు లేదు."

ఆ రోజు సునిల్దాకి ఉత్త జెల్ సూది వేశారు. ఎలా ఉంటుందో జీవితంలో మొదటిసారి తెలిసింది. మంచం అంచు పట్టుకుంది గానీ కేక మాత్రం వెయ్యలేదు. ఆవిడ కేక వేసిందని రేపు కొండంతా చెప్పుకుంటే ఇంకేమైనా ఉందా.

ఇంటికి మెట్లెక్కుతూ ప్రతి మలుపులోనూ ఆగింది. మోకాలి నొప్పికి కాదు. ఫ్రోయిలాన్ గారి గురువారాల్లో వచ్చిన మొహాలు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటోంది. వాళ్ల మోకాళ్లు ఏమయ్యాయో అడుగుదామంటే సగం మంది పోయారు. ఉన్నవాళ్లు అవి వయసుకి అరిగాయంటారు, మెట్లకి అరిగాయంటారు. నిజంగానే అరిగి ఉండవచ్చు. అడిగి తెలుసుకునే విషయం కాదు ఇది. తప్పు చేశావని ఎవరైనా మొహాన చెబితే తిట్టి పంపేది, ఆవిడకి తిట్లు కొత్తా? ఇక్కడ తిట్టడానికి మనిషి లేడు. చెయ్యలేదని చెప్పే మనిషీ లేడు.

ఇంకొకటి ఆవిడకి తనంతట తనే తట్టింది, యాస్నా చెప్పక్కర్లేకుండా. నొప్పి ఉన్న మోకాలు తారు రోడ్డు మీద పది గజాలకే లేచి నిలబడమంటుంది. నొప్పి లేని మోకాలు ఆగదు. ఏటా అరగంట సేపు, ఎదువినా అరిగిన ఎముకల మీద అరిగిన ఎముకలు పెట్టి రుబ్బుకుంది. దూదిలా ఉంది, దూదిలా ఉంది అని ఏడుస్తూ.

నవంబరు వచ్చింది. గుహ దగ్గర జపమాల మొదలైంది. ఎదువినాని ఇద్దరు పట్టుకుని దించి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ మళ్లీ మహిమ చెప్పింది. ఈసారి గాజుపెంకుల మీద నిప్పులు కూడా పోసింది. అందరూ ఆమెన్ అన్నారు. సునిల్దా అనలేదు. పక్కన కూర్చున్న ముసలమ్మ మోచేత్తో పొడిచింది. "ఏమ్మా, నీకు కుళ్లా?"

నెలంతా చెబుదామనుకుంది. ఇవాళ వద్దు, చలిగా ఉంది. ఇవాళ వద్దు, నెల్సన్ ఫోన్ చేశాడు, సంతోషంగా ఉంది. ఇవాళ వద్దు, నడుం నొప్పంటోంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఎదువినా రోజూ లాగే వస్తుంది, టీలో రొట్టె ముంచుకుని తింటుంది, నీ చెయ్యి బంగారం కోమాద్రె అంటుంది. చెబితే ఆ ఒక్క తలుపు చప్పుడు కూడా ఉండదు. సునిల్దాకి అదంతా తెలుసు. తెలియని మనిషి కాదు.

డిసెంబరు ఆరున ఎదువినా కర్ర పట్టుకుని, గోడ పట్టుకుని, తనే వచ్చింది. సునిల్దా టీ పోసింది. రొట్టె మీద పాల్తా అనే వెన్నపండు మెదిపి రాసి ఉప్పు చల్లి ముందు పెట్టింది.

"ఎల్లుండి పొద్దున ఆరింటి బస్సు" అంది ఎదువినా. "జెల్ తెచ్చావా?"

"తేలేదు."

"రేపు తెస్తావా?"

"తేను. ఈ ఏడు వెయ్యను."

ఎదువినా రొట్టె కిందపెట్టింది. "నవ్వులాటా? నెల్సన్ ఈ వారమే కొండ దారిన బొలీవియా పోతున్నాడు."

"కోమాద్రె, విను. మధ్యలో మాట్లాడకు, నీకది చేతకాదు గానీ ప్రయత్నించు." సునిల్దా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. మత్తుమందు సంగతి చెప్పింది. గీతలు చెప్పింది, ఎక్కువ వేసిన సంగతి చెప్పింది. ఆవు కాళ్లూ, గాజు పళ్లేలూ, ఎర్ర కణాలూ చెప్పింది. నీ గుజ్జు దానివల్ల పోయిందో లేదో నాకు తెలీదు, ఆ డాక్టరమ్మకీ తెలీదు, కానీ నేను చేత్తో కలిపి పోశాను అంది.

ఎదువినా నిజంగానే మధ్యలో మాట్లాడలేదు. గుజ్జు గురించి విన్నట్టే లేదు. చాలాసేపటికి అడిగింది, "ఆ మందు వేస్తే ఏమవుతుంది?"

"తిమ్మిరెక్కుతుంది. నొప్పి తెలీదు."

"ఎంతసేపు?"

"మూడు నాలుగు గంటలు. ఎక్కువ వేస్తే సాయంత్రం దాకా."

"సాయంత్రం దాకా" అంది ఎదువినా మెల్లగా. బల్ల మీద రొట్టె ముక్కలు వేలితో ఒకచోటికి పోగేసింది. "అయితే ఆ తల్లి చెయ్యి..."

సునిల్దా టీ గిన్నె పక్కకి జరిపింది.

"చెప్పు. ఆ చెయ్యి ఎవరిది?"

"నాది."

"మొదటి ఏడు కూడా?"

"మొదటి ఏడు కూడా."

"పదకొండేళ్లు నేను జనం ముందు నిలబడి చెప్పాను. నువ్వు వెనక బెంచీ మీద కూర్చుని విన్నావు."

"నువ్వు ఏడుస్తావని కలిపాను ఎదువినా. నువ్వు నొప్పికి ఓర్వలేవని."

"నొప్పి కాకపోతే మరేమిటే ఇస్తాను నేను ఆ తల్లికి?" ఎదువినా బల్ల చరిచింది. "నా దగ్గర ఇంకేముంది ఇవ్వడానికి? బిడ్డని ఇచ్చింది, బదులుగా నొప్పి ఇస్తానన్నాను. పదకొండేళ్లు దొంగ సొమ్ము ఇచ్చాను. నీ చేత్తో ఇచ్చాను."

"నీ మోకాళ్లు చూసుకోవే ముందు! కావాలంటే నేను వెళతాను నీ బదులు, నా మోకాళ్ల మీద వెళతాను."

"నీ బిడ్డా వాడు?"

ఆ మాట తను అనకూడనిదని ఎదువినాకీ తెలుసు. వెనక్కి మాత్రం తీసుకోలేదు. కర్ర అందుకుని లేచింది. సునిల్దా చెయ్యి అందించబోతే తోసేసింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా అంది, "ఏమీ వేసుకోకుండా వెళతాను. పచ్చి మోకాళ్లతో. ఎన్నేళ్లవి బాకీ ఉన్నాయో అన్నీ."

"నువ్వు చేరలేవు!"

"అది నాకూ ఆవిడకీ మధ్య సంగతి. నువ్వు మధ్యలో దూరింది చాలు."

ఎనిమిదో తారీకు సునిల్దా బస్సు వేళకి లేచి తయారైంది. శాలువా కప్పుకుంది. గొడుగు తీసుకుంది. కిటికీలోంచి ఎదువినాని ఎవరో మెట్లు దింపుతుండగా చూసింది. పక్కనే రొట్టెల బట్టీ లౌతారో ఉన్నాడు. ఎదువినా ఈ కిటికీ వైపు తలెత్తలేదు. సునిల్దా గొడుగు మూల పెట్టి కూర్చుంది. రేడియోలో గుడి దగ్గర జనం పాటలు పెట్టారు. లక్షల మంది గొంతులు. అందులో ఒక్క గొంతు కోసం చెవి ఒగ్గి మధ్యాహ్నం దాకా అలాగే ఉంది. పొయ్యి వెలిగించలేదు. ఎవరికోసం వెలిగించాలి?

నాలుగున్నరకి మెట్ల మీద మనుషుల రొప్పు వినిపించింది. లౌతారో, అతని బావమరిదీ కలిసి ఎదువినాని వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొస్తున్నారు. సరిగ్గా సునిల్దా గుమ్మం ముందు కుర్చీ దించారు.

"ఇక్కడే దించాలా?" అంది ఎదువినా.

"ఇంకెక్కడ చదునుంది దోన్యా ఎదువినా? నా నడుం రెండు ముక్కలైంది. మీరేమో పావురంలా ఉన్నానంటారు, మోస్తే తెలుస్తోంది."

సునిల్దా బయటికి వచ్చింది. ఎదువినా మోకాళ్లకి తలగుడ్డ చుట్టి ఉంది. గుడ్డ మీద నెత్తురు నల్లగా ఎండింది. కింద మోకాళ్లు రెండూ పిండి పొంగినట్టు పొంగాయి.

"లౌతారో" అంది సునిల్దా, "ఆవిడ బలిపీఠం దాకా చేరిందేమో అడుగు."

"చేరాననీ, చెవులు బాగానే పనిచేస్తున్నాయనీ చెప్పు లౌతారో."

లౌతారో ఇటూ అటూ చూసి చెమట తుడుచుకున్నాడు. "చేరారండి. మూడు గంటలు పట్టింది. రోడ్డంతా వినిపించింది ఏడుపు. నేను ఎత్తుకుపోతానంటే కర్రతో కొట్టారు."

"పదకొండేళ్లదీ కలిపి ఏడ్చానని చెప్పు."

సునిల్దా లోపలికి పరిగెత్తినట్టే వెళ్లి, పాత తువ్వాలు చల్లనీళ్లలో ముంచి పిండకుండానే తెచ్చింది. కుర్చీ ముందు వంగబోయింది, తన మోకాలు వంగలేదు. గోడ పట్టుకుని వంగింది.

"ముట్టుకోవద్దని చెప్పు లౌతారో."

"వాపు ఇది కోమాద్రె. చల్లగా పెడితే..."

"అందులో ఏం కలిపిందో అడుగు."

లౌతారో బావమరిది నవ్వబోయి, లౌతారో మొహం చూసి ఆపుకున్నాడు. సునిల్దా తువ్వాలు పట్టుకుని అలాగే వంగి ఉంది. నీళ్లు మెట్టు మీద కారుతున్నాయి. తర్వాత ఎదువినాయే, ఈసారి లౌతారోని మధ్యలో పెట్టకుండా, కిందికి చూసి అడిగింది.

"గుజ్జు నీ మందుకే పోయిందా?"

"తెలీదు."

"ఆ డాక్టరమ్మకి?"

"ఆవిడకీ తెలీదు."

"మరి ఎవరికి తెలుసు?"

ఎదువినా ఆవిడ వంక చూస్తూ కొంచెం ఆగింది. ఏదో ఒకటి చెబుతుందేమోనని, అబద్ధమైనా చెబుతుందేమోనని ఆగినట్టుంది. తర్వాత మొహం తిప్పుకుని, "ఎత్తండయ్యా" అంది.

ఎత్తారు. కుర్చీ కాళ్లు గోడకి తగులుతూ పైకి వెళ్లాయి. సునిల్దా గోడ పట్టుకుని లేచి నిలబడింది. పైన తాళంచెవి తిరగడం, కుర్చీ నేల మీద దించడం, లౌతారో సెలవు తీసుకోవడం, తలుపు మూసుకోవడం, అన్నీ వినిపించాయి. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. ఆవిడ లోపలికి వచ్చి, కారుతున్న తువ్వాలు ఎక్కడ పెట్టాలో తెలీక, కుర్చీలో కూర్చుని తన మోకాలి మీదే వేసుకుంది.